సగంలో వచ్చి సగంలో వెళ్లేవాళ్ల బడి

గత సంవత్సరం ఫిబ్రవరి రెండవ వారంలో, పిల్లల చేరికలు, క్రెడిట్లు చూసే మా బడి కౌన్సిలర్ ఒక అబ్బాయిని నా ఆల్జీబ్రా తరగతి గుమ్మం దాకా తీసుకువచ్చి, అతని పేరున్న కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి మేము బహుపదులను కారణాంకాలుగా విడగొట్టడం దగ్గర ఉన్నాము. ఎక్కడి నుంచి వచ్చావని నేను అతనిని అడగలేదు. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నదానిని కనుక, నడి ఫిబ్రవరిలో, పుస్తకాల సంచి లేకుండా, ముందు రోజే కొన్నట్లున్న కొత్త బూట్లతో వచ్చే పదహారేళ్ల పిల్లలు ఎక్కడి నుంచి వస్తారో నాకు అడగకుండానే తెలుస్తుంది. మూడవ రోజున అతనే ఒక నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బాలల నిర్బంధ కేంద్రంలో గడిపిన నాలుగు నెలలలో చేసిన లెక్కలు అందులో ఉన్నాయి. లోపల లోహపు తీగను అనుమతించరు కాబట్టి స్పైరల్ తీసివేసి, కాగితాలను దారంతో కట్టుకున్న పుస్తకం అది. ఏకఘాత సమీకరణాలు, అసమీకరణాలు, గ్రాఫులు వరుసగా ఉన్నాయి. కొన్ని తప్పులు, ఎక్కువ ఒప్పులు.

ఆ నాలుగు నెలల చదువుకు మా బడి రికార్డులో ఏమీ జమ కాలేదు. అమెరికా హైస్కూలు చదువు తెలియనివారి కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మన పదవ తరగతి పబ్లిక్ పరీక్ష వంటి ఒకే ఒక్క గండం ఇక్కడ ఉండదు. ఒక్కొక్క సబ్జెక్టును సంవత్సరం పాటు చదివి గట్టెక్కితే ఒక క్రెడిట్ వస్తుంది. పట్టా చేతికి రావాలంటే మేరీల్యాండ్‌లో కనీసం 21 క్రెడిట్లు, పక్కనే ఉన్న రాజధాని నగరం వాషింగ్టన్‌లో 24 క్రెడిట్లు కావాలి. 1906లో కార్నెగీ సంస్థ రూపొందించిన ఈ కొలతకు మూలం ఏమిటంటే, తరగతిలో కూర్చున్న గంటలు: దాదాపు 120 గంటలు కూర్చుంటే ఒక యూనిట్. సెప్టెంబరులో మొదలుపెట్టి జూన్ దాకా ఒకే చోట కూర్చోగలిగిన పిల్లలకు ఇది సులువైన పద్ధతే. అక్టోబరులో అరెస్టయి, ఫిబ్రవరిలో విడుదలయ్యే పిల్లవాడికి మాత్రం పాత బడిలో సగం, లోపలి బడిలో సగం, కొత్త బడిలో సగం కలిపినా ఏ ఒక్కటీ పూర్తి కాదు. వచ్చే సంవత్సరం మళ్లీ మొదటి నుంచి చదువుకుంటాడని మా కౌన్సిలర్ చెప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె చేతిలో ఉన్న పత్రంలో సగానికి గడి లేదు, అంతే.

నాకు మా నాన్నగారి బదిలీలు గుర్తుకు వచ్చాయి. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసేవారు కనుక మా చదువులు కాలువలతో పాటు సాగాయి. ఏడవ తరగతి చదువుతుండగా డిసెంబరులో టీసీ తీసుకుని నరసరావుపేట నుంచి మాచర్లకు వెళ్లాము. కొత్త బడిలో లెక్కల మాస్టారు నన్ను నిలబెట్టి, “అక్కడ ఎంతవరకు అయింది?” అని అడిగి, నా నోటుపుస్తకం తెరిచి చూసి, క్షేత్రగణితం ఇక్కడ అయిపోయింది కాబట్టి అది సాయంత్రం వచ్చి నేర్చుకో, మిగతాది అందరితో పాటే అని చెప్పి కూర్చోబెట్టారు. ఆ ప్రశ్నకు ఎంత విలువ ఉందో నాకు అప్పుడు తెలియదు. బదిలీ ఉద్యోగుల పిల్లలను అలా అడగడం మన దగ్గర మామూలే. తండ్రి బదిలీ మీద ఊరు మారిన పిల్లను అలా అడిగినవాళ్లు, పోలీసులు తీసుకువెళ్లగా ఊరు మారిన పిల్లవాడినీ అలాగే అడుగుతారా అన్నది వేరే సంగతి.

ఆ నోటుపుస్తకం చూసిన తరువాతే, నేను వారానికి రెండుసార్లు కారులో దాటిపోయే చోటికి దగ్గరలో ఉన్న ఒక బడి గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. నేను ఆ గేటు లోపల అడుగు పెట్టలేదని ముందే చెప్పాలి. దానిని నడిపినవారు రాసినది, దాని మీద కోర్టుకు అందిన నివేదికల సంగతులు, ఇతర అధ్యాపకుల మాటలు, ఇవే నా ఆధారాలు.

వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు పోయే పార్క్‌వే మీద, రెండు నగరాలకు నడుమ, లారెల్ అనే ఊరు వస్తుంది. అక్కడ 198వ నంబరు రోడ్డు మీదకు మళ్లి తూర్పుగా కొంచెం పోతే చెట్ల మధ్య వాషింగ్టన్ నగర ప్రభుత్వం వాడుకునే విశాలమైన స్థలం ఉంది. భూమి ఉన్నది మేరీల్యాండ్‌లో, వాడుకునేది వాషింగ్టన్. నగరం తన కళ్ల ముందు ఉంచుకోవడానికి ఇష్టపడనివారిని చాలాకాలం అక్కడికి పంపింది. మానసిక వైకల్యం ఉన్నవారి కోసం 1925లో అక్కడ ప్రారంభించిన ఫారెస్ట్ హేవెన్ అనే ఆశ్రమాన్ని, అందులో జరిగిన ఘోరాల తరువాత, 1991లో కోర్టు ఆదేశం మీద మూసివేశారు. పాడుబడిన ఆ భవనాలు చాలాకాలం అలాగే నిలిచి ఉన్నాయి. దాని పక్కనే నగరంలో నేరారోపణ రుజువైన మైనర్ బాలురను ఉంచే ఓక్ హిల్ ఉండేది. అక్కడి పరిస్థితుల మీద 1985లో పిల్లల తరఫున ఒక దావా పడింది. 1986లో నగరం కొన్ని షరతులకు ఒప్పుకుని సంతకం చేసింది. ఆ షరతులను నెరవేర్చలేక ఆ కేసు మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. గదుల్లో ఎలుకలు, గోడల లోపలికే చేరే మత్తుమందులు, కిక్కిరిసిన పడకలు. బడి అన్న పేరుతో ఒక భవనం మాత్రం ఉండేది.

ఆ రోజులలో జేమ్స్ ఫోర్మన్ జూనియర్ వాషింగ్టన్‌లో పేద ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసేవారు. పౌరహక్కుల ఉద్యమంలో ముందు నిలిచిన జేమ్స్ ఫోర్మన్ కుమారుడు ఆయన. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ వద్ద లా క్లర్కుగా, అంటే న్యాయ సహాయకుడిగా పనిచేసి, పెద్ద లా సంస్థలకు పోకుండా 1994లో ఈ పనిలో చేరారు. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 2018లో పులిట్జర్ బహుమతి కూడా అందుకున్నారు. తన కక్షిదారులైన పిల్లల గురించి న్యాయమూర్తి ఎదుట నిలబడి “వీడిని ఓక్ హిల్‌కు పంపకండి” అని వాదించినప్పుడల్లా, “మరి ఎక్కడికి పంపమంటారు?” అన్న ప్రశ్నకు చూపించడానికి ఆయన దగ్గర చోటు లేకపోయింది. డేవిడ్ డొమెనిచి అనే మరో న్యాయవాదితో కలిసి ఆ చోటును తామే నిర్మించాలని పూనుకున్నారు. మొదట ఒక పిజ్జా వ్యాపారం తీసుకుని కోర్టు కేసులున్న పిల్లలకు అందులో పని కల్పించారు. పనితో పాటు చదువు లేకపోతే లాభం లేదని త్వరలోనే తెలిసి, 1997లో 20 మంది విద్యార్థులతో బడి పెట్టారు. మరుసటి సంవత్సరం అది ప్రభుత్వ నిధులతో నడిచే చార్టర్ పాఠశాలగా మారింది. బడికి పేరు కోసం విద్యార్థుల మధ్యనే పోటీ పెడితే, మాయా ఏంజెలూ పేరు గెలిచింది. బాల్యంలో తన మీద జరిగిన అత్యాచారం తరువాత దాదాపు ఐదేళ్లు నోరు విప్పని ఆ రచయిత్రి పేరును ఎంచుకున్న విద్యార్థి ఆలోచన నన్ను చాలాసేపు ఆపింది.

అది బయట ఉన్న బడి. నేను చెప్పదలచుకున్నది దాని తమ్ముడి గురించి. 2005లో నగర బాలల శాఖకు విన్సెంట్ షిరాల్డీ అధిపతిగా వచ్చి, ఓక్ హిల్‌ను మూసివేసి మిస్సోరీ రాష్ట్రంలో నడుస్తున్న పద్ధతిలో చిన్న చిన్న బృందాలుగా పిల్లలను ఉంచే కొత్త కేంద్రం కట్టాలని పట్టుబట్టారు. 2007లో ఓక్ హిల్ లోపలి బడిని నగర విద్యాశాఖ నుంచి తీసి ఫోర్మన్, డొమెనిచిల సంస్థకు అప్పగించారు. డొమెనిచి స్వయంగా దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. 2009 మేలో 46 మిలియన్ డాలర్ల ఖర్చుతో, 60 పడకలతో న్యూ బిగినింగ్స్ అనే కేంద్రం అదే ప్రాంతంలో తెరుచుకోగా, ఓక్ హిల్ మూతపడింది, బడి కొత్త భవనానికి మారింది. దాని పేరు మాయా ఏంజెలూ అకాడమీ.

పేరు, భవనం, వ్యక్తులు, వీటి గురించి పత్రికలు చాలా రాశాయి. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించినది వాళ్ల టైమ్‌టేబుల్.

లోపలి బడిలో ఉపాధ్యాయుడికి ఎదురయ్యే చిక్కును బయటివారు సాధారణంగా తప్పుగా ఊహిస్తారు. నేను జైలు బడి గురించి చదువుతున్నానని చెప్పగానే మా తెలుగు సంఘం మిత్రులు అడిగిన మొదటి ప్రశ్న, భయం వేయదా అని. భయం సంగతి అక్కడ పనిచేసినవారి మాటలలో నాకు ఎక్కడా పెద్దగా కనిపించలేదు. కనిపించిందల్లా కాలం గురించిన బాధ. పిల్లలు సెప్టెంబరులో బడి తెరిచినప్పుడు చేరరు. కోర్టు పంపిన రోజున చేరతారు. పరీక్షలయ్యాక వెళ్లరు, విడుదల ఉత్తర్వు వచ్చిన రోజున, ఒక్కొక్కసారి పాఠం మధ్యలోనే వెళతారు. సోమవారం తరగతిలో పదిమంది ఉంటే, ఆ పదిమందిలో ఇద్దరు ఆ వారమే వచ్చినవారు, ఒకరు శుక్రవారం వెళ్లిపోయేవారు. వయసు పదిహేడేళ్లు ఉన్నా, చదివే స్థాయి సగటున నాలుగైదు తరగతులదే. దాదాపు సగం మందికి ప్రత్యేక విద్యా సేవలు అవసరం. నడుమ ఎక్కడైనా గొడవ జరిగితే ఎక్కడివాళ్లను అక్కడ నిలిపివేసి తలుపులు మూస్తారు. ఆ రోజు పాఠం అంతటితో సరి.

ఇటువంటి చోట చాలా కేంద్రాలు ఎంచుకునే సులువైన దారి ఒకటి ఉంది. ఎవరి మట్టుకు వాళ్లకు ఒక కాగితాల కట్ట ఇచ్చి, నింపి ఇవ్వమంటారు. కొన్నిచోట్ల ఇప్పుడు కట్ట స్థానంలో కంప్యూటర్ తెర వచ్చింది. ఎవరు ఎప్పుడు వచ్చినా, ఎప్పుడు వెళ్లినా దానికి ఇబ్బంది లేదు. ఉపాధ్యాయుడికీ ఇబ్బంది లేదు. నేర్చుకోవడం మాత్రం జరగదు. నాలుగవ తరగతి స్థాయిలో చదివే పిల్లవాడికి ఒంటరిగా ఒక కట్ట ఇవ్వడమంటే, ఈత రానివాడిని బావిలో దింపి గట్టు మీద నుంచి పుస్తకం చదివి వినిపించడమే. కోవిడ్ కాలంలో వాషింగ్టన్ జైలులో ఉన్న యువకులకు తరగతులు లేకుండా ఇటువంటి కట్టలే ఇచ్చారని 2021లో ఒక దావా పడింది. ఆ తరువాత ఆ జైలులోని చదువును కూడా ఈ సంస్థకే అప్పగించారు.

మాయా ఏంజెలూ అకాడమీ రెండవ సులువైన దారినీ ఎంచుకోలేదు. ఆ రెండవ దారి, సంవత్సరం సిలబస్‌ను బయటి బడి లాగానే సెప్టెంబరు నుంచి సాగించి, నడుమ వచ్చినవాడి ఖర్మకు వాడిని వదిలేయడం, అంటే నిజాయితీగా చెబితే మా బడి పద్ధతి. వాళ్లు సంవత్సరాన్ని ముక్కలు చేశారు. ఒక్కొక్క ముక్క కొన్ని వారాలది. ఒక్కొక్క దానికి అధికారం, న్యాయం, మార్పు, ఎంపిక వంటి ఒక విషయం పేరు. ఆ వారాలలో ఇంగ్లీషు తరగతిలో చదివే కథ, సాంఘిక శాస్త్రంలో చర్చించే చరిత్ర ఆ విషయం చుట్టూ తిరుగుతాయి. ముక్క మొదలైన చోట దాని కథ మొదలవుతుంది, ముగిసిన చోట కథ ముగుస్తుంది. ముందటి ముక్క చదవనివాడు ఈ ముక్కలో వెనుకబడడు. కొత్తగా వచ్చినవాడు మహా అయితే కొన్ని వారాలు ఆగితే అందరితో సమానంగా మొదటి గీత మీద నిలబడతాడు. ఇక ముఖ్యమైన సంగతి: ప్రతి ముక్క చివర ఆ ముక్కకు తగిన భిన్నం క్రెడిట్‌గా జమ అవుతుంది. కోర్టు ఎప్పుడు వదిలినా, అప్పటివరకు సంపాదించినది పిల్లవాడి ఖాతాలో ఉంటుంది. మా కౌన్సిలర్ పత్రంలో లేని గడి ఇదే.

లెక్కల టీచరుగా నాకు ఇక్కడ ఒక సందేహం ఉంది. కథలను, చరిత్రను ఇలా ముక్కలు చేయవచ్చు. న్యాయం అన్న విషయాన్ని మార్పు అన్న విషయం కన్నా ముందు చదివినా తరువాత చదివినా మునిగిపోయేది లేదు. గణితం అలా కాదు. భిన్నాలు రానివాడికి నిష్పత్తులు రావు, నిష్పత్తులు రానివాడికి వాలు అర్థం కాదు. ఇది ఇటుక మీద ఇటుక పేర్చే పని. ఒక విషయం పేరుతో అడ్డంగా కోయడానికి లొంగదు. నేను ఒక వేసవి సెలవులలో ఆల్జీబ్రా సిలబస్‌ను ముందు వెనుకలతో సంబంధం లేని ఆరు ముక్కలుగా చేయడానికి ప్రయత్నించాను. మూడు చేయగలిగాను. నాలుగవ దానికి రెండవది కావలసి వచ్చింది. దానితో నాకు అర్థమైనదేమిటంటే, లెక్కలలో ఒక్కొక్క పిల్లవాడు ఏ ఇటుక దగ్గర ఆగాడో మొదటి రోజే పరీక్షించి, అదే స్థాయి వారిని చిన్న గుంపుగా కూర్చోబెట్టడం తప్ప మరో మార్గం లేదు, దానికి తరగతిలో ఒకరికి బదులు ఇద్దరు ఉపాధ్యాయులు కావాలి, అంటే డబ్బు కావాలి. నా తరగతిలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. అందుకే ఆ పదిమంది తరగతుల మీద నాకు కొంచెం అసూయ కూడా ఉందని దాచుకోను. జైలులో ఉన్న పిల్లవాడికి నా విద్యార్థి కన్నా మంచి తరగతి దొరకడం న్యాయమా అని ఒక మిత్రుడు అడిగాడు. నా ముప్పై ఒక్కమందిలో ఐదుగురికి పదవ ఏటనే అటువంటి తరగతి దొరికి ఉంటే లారెల్‌లో పడకలు ఇంకా తక్కువ సరిపోయేవేమో అని జవాబు చెప్పాను. ఋజువు చేయగల జవాబు కాదు అది, కానీ నేను అలాగే నమ్ముతాను.

ఆ బడిలో పిల్లలను ‘స్కాలర్లు’ అని పిలుస్తారు. ఖైదీ అనరు, నివాసి అనరు, విద్యార్థి అని కూడా అనరు. ప్రతి ముక్క చివర ఒక సభ జరిపి, బాగా చదివినవారిని, మెరుగుపడినవారిని పేరు పెట్టి పిలిచి సత్కరిస్తారు. ఆ సభకు తల్లిదండ్రులను, కుటుంబాలను ఆహ్వానిస్తారు. మొదట చదివినప్పుడు ఈ పేరు నాకు అతిగా తోచింది. నాలుగవ తరగతి స్థాయిలో చదివే పిల్లవాడిని పండితుడని పిలిస్తే అతనికే నవ్వు రాదా అనుకున్నాను. పిల్లలు ముఖస్తుతిని మనకన్నా త్వరగా పసిగడతారు. అయితే ఆ పిలుపు వెనుక రోజూ జరిగే పాఠం, దిద్దిన పుస్తకం, జమ అయిన క్రెడిట్ ఉన్నప్పుడు మాట బరువు వేరు. మన దేశంలో చట్టం కూడా ఈ మాటల దారిలోనే నడిచింది. 1986 నాటి చట్టం ఈ పిల్లలను దోషులైన బాలలన్నట్లే పేర్కొంది. 2000లో, తిరిగి 2015లో మాట మారి, ఇప్పుడు ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలలు’ అని వ్యవహరిస్తుంది. మన తెలుగు పత్రికలు మాత్రం ఇంకా ‘బాల నేరస్థుడు’ దగ్గరే ఆగాయి, శీర్షికలో అక్షరాలు తక్కువ పడతాయి కాబట్టి కాబోలు.

విడుదల తరువాతి సంగతికి కూడా అక్కడ ప్రత్యేకంగా మనుషులు ఉన్నారు. పిల్లవాడు లోపల ఉండగానే అతను తిరిగి ఏ బడిలో చేరాలో, లేక ఏ పనిలో కుదరాలో చూసి, వెళ్లిన తరువాత కొన్ని నెలల పాటు వెంట ఉండడం వారి పని. ఇది దయతో చేసే అదనపు సేవ అని నేను మొదట అనుకున్నాను. నా తరగతికి వచ్చిన ఆ అబ్బాయిని చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. లోపల ఎంత బాగా చెప్పినా, బయటి బడి గుమాస్తా ఆ రికార్డును ఒప్పుకోకపోతే చెప్పినదంతా ఒక నోటుపుస్తకంలో మిగిలిపోతుంది. ఆ గుమాస్తా ఎదుట నిలబడి మాట్లాడడం పదహారేళ్ల పిల్లవాడి వల్ల కాదు, రెండు ఉద్యోగాలు చేసుకునే అతని తల్లి వల్ల కూడా కాదు. దానికి జీతం తీసుకునే మనిషి కావాలి.

కొన్నేళ్లకు కోర్టు తరఫున పరిశీలించిన నిపుణుడు, నిర్బంధ కేంద్రాలలో తాను చూసిన ఉత్తమ విద్యా కార్యక్రమాలలో ఇది ఒకటని రాశారు. ఇరవై ఏళ్లకు పైగా మందలింపులే విన్న నగరానికి ఆ మాట ఎంత కొత్తగా వినిపించి ఉంటుందో ఊహించగలను. డొమెనిచి 2011 ప్రాంతంలో ప్రిన్సిపాల్ పదవి వదిలి, దేశంలోని ఇతర నిర్బంధ కేంద్రాల బడులను మెరుగుపరచే సంస్థ ఒకటి స్థాపించారు. లోపల ఉన్న పిల్లలకు ప్రతి ఏప్రిల్‌లో కవితల పోటీ జరపడం దాని పనులలో ఒకటి. 2014 డిసెంబరులో అమెరికా విద్యా, న్యాయ శాఖలు కలిసి ఇటువంటి బడులకు మార్గదర్శక సూత్రాలు ఐదు ప్రకటించాయి. అంతకు ముందే, 1975 నాటి ప్రత్యేక విద్యా చట్టం ఇరవై ఒక్క ఏళ్ల దాకా వికలాంగ విద్యార్థుల హక్కును కటకటాల లోపల కూడా చాలావరకు నిలిపి ఉంచింది. చట్టాలకు కొరత లేదు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటి చెప్పాలి. అరవై మంది పిల్లల కోసం 46 మిలియన్ డాలర్ల భవనం కట్టి, మంచి బడి పెట్టిన తరువాత, వేరే దారి వెతకవలసిన న్యాయమూర్తి “అక్కడైతే చదువైనా వస్తుంది” అనుకుని ఒక పిల్లవాడిని ఎక్కువ సులువుగా అక్కడికి పంపే ప్రమాదం ఉంది. బడి మంచిది కావడం వల్ల గోడ మంచిది అయిపోదు. అక్కడికి చేరే బాలురలో దాదాపు అందరూ నల్లజాతి కుటుంబాల వారే అన్నది ఏ టైమ్‌టేబులూ సరిచేయగలిగిన విషయం కాదు. ఫోర్మన్ రాసినదంతా జైళ్లకు పంపడాన్ని ప్రశ్నించేదే కాబట్టి, ఈ ఇరకాటం ఆయనకు నాకన్నా బాగా తెలుసునని అనుకుంటున్నాను.

గత డిసెంబరులో గుంటూరు వెళ్లినప్పుడు, ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా విశ్రాంతి తీసుకున్న మా చిన్నాన్నతో ఈ ముక్కల పద్ధతి గురించి చెప్పాను. ఆయన అంతా విని, “ఇది మన ఓపెన్ స్కూలే కదమ్మా” అన్నారు. నాకు తట్టని సంగతి అది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఒకసారి పేరు నమోదు చేసుకుంటే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఒక్కొక్క సబ్జెక్టును ఒక్కొక్కసారి గట్టెక్కవచ్చు, గట్టెక్కినది ఎక్కడికీ పోదు. పనికి పోయే పిల్లల కోసం, పెళ్లితో చదువు ఆగిన ఆడపిల్లల కోసం మన దేశం ఆలోచించి పెట్టుకున్న ఏర్పాటు అది. కేసులున్న పిల్లలను ఉంచే మన పరిశీలక గృహాలలోని వారికి దీనికన్నా అమరినది మరొకటి నాకు కనిపించలేదు. అయితే అది పరీక్షను మాత్రమే ముక్కలు చేస్తుంది, పాఠాన్ని చేయదు. పాఠం చెప్పే మనిషి ప్రతిరోజూ ఆ గదిలో ఉండకపోతే తొమ్మిది అవకాశాలూ తొమ్మిది గైర్హాజరులుగా మిగులుతాయి. చిన్నాన్న దానికీ తల ఊపారు. తాను పనిచేసిన రోజులలో అటువంటి గృహానికి డెప్యుటేషన్ అంటే శిక్ష కింద లెక్క అని, అక్కడికి వేయకుండా చూసుకోవడానికి మనుషులు మండల కార్యాలయం చుట్టూ తిరిగేవారని చెప్పారు. లారెల్‌లో చేసిన పనులలో చెప్పుకోదగ్గది ఇంకొకటి నాకు అప్పుడు స్ఫురించింది. శిక్షగా పంపితే వచ్చినవారితో కాకుండా, కోరి వచ్చినవారిని వెతికి తీసుకుని ఆ బడి నడిచింది.

నోటుపుస్తకం తెచ్చిన ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. అతను ఉన్న నిర్బంధ కేంద్రం లారెల్‌ది కాదు, మరొకటి. అక్కడి లెక్కల టీచరుకు నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడవ దానికి జవాబుగా ఆమె ఒక పేజీ పంపింది: పదకొండు అధ్యాయాల పేర్లు, ఒక్కొక్కటి అతను ముగించిన తేదీ, పక్కన మార్కులు. ఆ పేజీని, దారంతో కట్టిన నోటుపుస్తకాన్ని, నేను ఏప్రిల్‌లో అతనికి విడిగా పెట్టిన పరీక్ష కాగితాలను కలిపి మా విభాగాధిపతి ముందు పెట్టాను. ఆయన మూడు వారాలు తన దగ్గర ఉంచుకుని, జూన్ మొదటి వారంలో సంతకం చేశారు. రికార్డులో ఆల్జీబ్రా పక్కన అర క్రెడిట్ పడింది. మిగిలిన సగానికి అతను సెప్టెంబరులో మళ్లీ నా తరగతికే వచ్చాడు. ఈసారి సంచి తెచ్చుకున్నాడు.